మోకాలి మడతలో కాయ

మా బావ బాలకిష్టయ్య తొడ వెనక ఒక నల్లటి కాయ ఉండేది. మోకాలికి జానెడు పైన, ఎద్దు మెడ మీద కాడి ఒరిసిన చోటులాగా గట్టిపడి ఉండేది. గద్వాలలో గుంట మగ్గం నేసేవాళ్లందరికీ అది ఉంటుంది. నేలలో తవ్విన గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, కింద ఉన్న తొక్కుడు కర్రలు తొక్కుతూ పొద్దంతా నేస్తారు. ఒంటి బరువంతా తొడల వెనకే పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ చర్మం కాయ కాస్తుంది.

మా నేతవాళ్లలో ఆ కాయ మీద ఒక పరాచికం ఉంది. సంబంధం చూడబోయిన పెద్దమనిషి పిల్లగాడి తొడ కింద చెయ్యి పెట్టి గిల్లుతాడు. కాయ తగిలితే పనిమంతుడు, మెత్తగా ఉంటే తిరుగుబోతు. మా నాన్న అట్లా గిల్లి చూసే మా అక్క కౌసల్యమ్మను ఈయనకిచ్చాడు. ఆ పరీక్షలో నేనైతే తప్పేవాణ్ణి. మగ్గం నా వల్ల కాక వనపర్తి పోయి ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాను. పెళ్లిలో ఆ గిల్లుడు చూసి అందరితోపాటు నేనూ పగలబడి నవ్వాను కానీ, ఇప్పుడు ఆ మాట ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది.

బావ మాట తక్కువ మనిషి. బీడీ, టీ, మగ్గం, ఈ మూడే ఆయన లోకం. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. రెండూ కలిసే చోట పోగుకు పోగు మెలేస్తూ నెయ్యాలి. తొందరపడితే అక్కడ చీర చిరుగుతుంది. బావ నేసిన చీరలో ఆ కలయిక వేలితో తడిమినా దొరికేది కాదు. ఆయన్ని పొగిడితే మాత్రం ఇబ్బందిపడి బీడీ వెలిగించుకునేవాడు.

అరవైకి దగ్గరపడ్డాక ఆయన ఎడమకాలి మోకాలి మడతలో ఒక గడ్డ లేచింది. నిమ్మకాయంత ఉండేది. ఇంట్లో ఎవరూ భయపడలేదు. బావ అక్క రుక్కమ్మ అదే వాడలో ఉంటుంది, ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగు లేదు. ఆమె వచ్చి వేలితో నొక్కి చూసి, "ఏం గాదు తమ్మి, కాయ కిందికి దిగింది. మన నాయినకు గూడ గిట్లనే ఉండె" అని తేల్చేసింది. బావ కూడా సరేనన్నాడు. ఆ గడ్డ లోపల టుక్కు టుక్కుమని కొట్టుకునేది. నేసేటప్పుడు అడ్డపోగును మోసే నాడె ఇటూ అటూ పరుగెత్తే చప్పుడుకు అది తోడుగా ఉందని ఆయన మురిసిపోయేవాడు.

తర్వాత నడిస్తే పిక్క పట్టేయడం మొదలైంది. ఇంటి నుంచి కోట దాకా కూడా ఆగకుండా పోలేకపోయేవాడు. ఎవరిదో ఒక అరుగు మీద కాసేపు కూర్చుంటే తగ్గేది, మళ్లీ లేచి నడిచేవాడు. మరికొన్నాళ్లకు పడుకున్నా పాదం మంటపెట్టేది. మా అక్క నువ్వుల నూనె రాసింది, ఇసుక వేయించి కాపడం పెట్టింది. దేనికీ తగ్గలేదు.

తగ్గింది మగ్గం మీదే. కాళ్లు గుంటలోకి వేలాడేసి కూర్చున్నాడంటే చాలు, కాసేపట్లో మంట చల్లారేది. మంచం మీద మూలిగే మనిషి మగ్గం ఎక్కగానే హాయిగా నేసుకునేవాడు. ఇక చూడండి సంబరం! "మగ్గమే మందు మా తమ్మికి. ఏం దవాఖాన అవసరం?" అంది రుక్కమ్మ. మా అక్క వచ్చినవాళ్లకల్లా ఆ సంగతి చెప్పుకుంది. వాడంతా ముక్కున వేలేసుకుంది. అన్నం కూడా ఆ గుంట అంచునే కూర్చుని తినేవాడు. అంత పని ఆయన వయసులో ఉన్నప్పుడు కూడా చెయ్యలేదట.

ఆ రోజుల్లోనే నేను ఒకసారి గద్వాల పోయాను. బావ కాళ్లు కడుక్కుంటుంటే ఎడమపాదం చిటికెనవేలు నేరేడుపండు రంగులో కనిపించింది.

"ఇదేంది బావా?" అన్నాను.

"గుంటల ఏదో తగిలిందిలే."

"తగిలితే గిట్ల నల్లగైతదా? నడువు, కర్నూలు పోదాం."

"పడుగు మీద ఇంకో చీరుంది బామ్మర్దీ. అది కోసినంక పోదాం."

పడుగు అంటే మగ్గం మీద సాగదీసి కట్టిన నిలువు దారాలు. అది సగంలో ఉండగా వదిలేసి పోవడం మావాళ్లకు పొయ్యి మీద అన్నం వదిలేసి పోయినట్టు. నేను అరిచాను, తిట్టాను. "మగ్గం మీద కూసుంటె నొప్పే లేదురా, ఎందుకు పరేషాన్ చేస్తవు?" అని మా అక్క నన్నే కోప్పడింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని.

ఆ చీర పూర్తి కాలేదు. ఒక పొద్దున నేస్తుండగానే పాదం పిండిలా తెల్లబడి, మంచుముక్కలా చల్లబడింది. ఈసారి గుంటలో వేలాడేసినా నొప్పి తగ్గలేదు. అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. నేను వనపర్తి నుంచి వచ్చేసరికే పొద్దెక్కింది. జీపులో కర్నూలు దవాఖానకు తీసుకుపోయేసరికి పాదం మీద నల్లటి మచ్చలు తేలాయి, వేళ్లు కదలడం మానేశాయి.

అక్కడ డాక్టరమ్మ వయసులో చిన్నదే. ఆయన్ని పడుకోబెట్టి, రెండు మోకాళ్లూ కొంచెం మడిచి, రెండు చేతుల వేళ్లూ మోకాలి మడతలోకి పోనిచ్చి చాలాసేపు అట్లాగే ఉంది. తర్వాత మమ్మల్ని పిలిచి నా కాలు మడిచి చూపించింది. తొడ వెనక మూడు కండలుంటాయట. కిందికొచ్చేసరికి రెండు లోపలివైపుకు, ఒకటి బయటివైపుకు చీలి తాళ్లలాగా మోకాలి కింద ఎముకలకు తగులుకుంటాయి. నా కాలి మీద ఆ తాళ్లు నా వేలికే తగిలాయి. వాటి నడుమనున్న మెత్తటి పల్లంలో పైన నరం, దాని కింద చెడురక్తం వెనక్కి పోయే గొట్టం, అన్నిటికన్నా లోపల, ఎముకను ఆనుకుని, మంచిరక్తం తెచ్చే గొట్టం ఉంటాయంది. పాదానికి తిండి అంతా దాదాపు ఆ ఒక్కదారినే పోవాలి.

"ఆ గడ్డ మగ్గం కాయ కాదండీ. ఆ గొట్టమే ఉబ్బింది. కాయ ఎక్కడన్నా కొట్టుకుంటుందా? అందులో రక్తం గడ్డకట్టి, ముక్కలు ముక్కలుగా కిందికి జారి దారులు మూసేసింది. ఈరోజు మొత్తం మూసుకుపోయింది" అంది.

"మగ్గం అంచు ఒత్తుకుని వచ్చిందా అమ్మా?" అని అడిగాను.

"అట్లా చెప్పలేం. బీడీలు, వయసు, ఏదైనా కావచ్చు." తర్వాత మా అక్క వైపు తిరిగింది. "పడుకుంటే నొప్పి, కాలు కిందికి వేలాడేస్తే తగ్గేదా?"

అక్క ముఖం వెలిగింది. తనకు తెలిసిన సంగతి డాక్టరమ్మకూ తెలిసినందుకు. "అవు బిడ్డా! మగ్గం మీద కూసుంటె చాలు, ఇట్టె తగ్గేది" అంది.

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. దారి ఇరుకైనప్పుడు పడుకున్న మనిషి పాదానికి రక్తం చాలదు, కాలు వేలాడితే పల్లానికి నీళ్లు దిగినట్టు కొంచెం దిగుతుంది, అందుకే హాయిగా ఉంటుంది. జబ్బు తగ్గి కాదు. ఆ నొప్పే అప్పుడు మిమ్మల్ని ఇక్కడికి తరిమి ఉంటే కాలు దక్కేదేమో అంది. మా అక్క నోట్లో కొంగు కుక్కుకుని గోడకు ఆనుకుని కూలబడింది. మనసు చివుక్కుమనడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

ఎడమకాలు తొడ దగ్గర తీసేశారు. ఇంకో మాట కూడా చెప్పారు. కుడి మోకాలి వెనక కూడా అదే ఉబ్బు మొదలైంది, ఇంకా చిన్నది, లోపల కొట్టుకుంటోంది. పుండు మానగానే వస్తే పాడైన చోటు తప్పించి వేరే నాళం కలుపుతాం, ఆ కాలు నిలుస్తుంది, ఆలస్యం చేస్తే చెప్పలేం అన్నారు.

ఇంటికొచ్చిన మనిషి పుండు మానాక ఏం చేశాడంటారా? నన్ను పట్టుకుని మగ్గం దగ్గరికి దించమన్నాడు. ఉన్న ఒక్క కాలూ గుంటలోకి వేలాడేశాడు. ఎడమ తొక్కుడు కర్రకు తాడు కట్టి చేత్తో గుంజి చూశాడు. కర్ర కదిలింది. దవాఖాన నుంచి వచ్చాక ఆయన ముఖంలో నవ్వు చూడడం అదే మొదలు.

"వచ్చే సోమారం పోవాలె బావా, కుడికాలుకు" అన్నాను.

"ఈ కాలు నొస్తలేదు గదరా. ఇంకో పడుగు ఏస్త. అది అయినంక పోదాం."

నేను నోరు తెరిచేలోపే మా అక్క లేచి బయటికి పోయింది. వెనక దొడ్లో ఇల్లు కట్టగా మిగిలిన ఎర్రమట్టి ఉంది. తట్ట నింపుకొచ్చి, ఆయన్ని చంకల కింద పట్టి పక్కకు జరిపి, మట్టి గుంటలో పోసింది. మళ్లీ పోయి మళ్లీ తెచ్చింది. రుక్కమ్మ వచ్చి గడపలో నిలబడి లబలబలాడింది. "అన్నం పెట్టిన గుంట, పాపం తగులుతది కౌసల్యా!" అంది. అక్క ఆమె వైపు తిరిగి చూడను కూడా లేదు. తొక్కుడు కర్రలు మట్టికింద పూడిపోయాయి. నేనూ ఒక తట్ట అందుకున్నాను.

బావ గోడకు ఆనుకుని అంతా చూశాడు. చివరికి అన్నాడు. "కాలు కోసేముందు వాళ్లు నన్ను అడిగిన్రు. నువ్వు అడగలే."

"అడిగితే ఏమంటవో నాకెరుక" అంది అక్క.

సోమవారం కర్నూలు పోయాం. ఆపరేషన్ బాగా జరిగింది. పాదం మీద ఎక్కడ చెయ్యిపెడితే నాడి తెలుస్తుందో డాక్టరమ్మ అక్కకు నేర్పించింది. అప్పటినుంచి రోజూ పొద్దున లేవగానే ఆమె ఆయన పాదం పట్టుకుని చూస్తుంది. ఆయన కాలు ఇస్తాడు, ముఖం గోడవైపు తిప్పుకుంటాడు. గుంట పూడ్చిన రోజు నుంచి ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం కావాలన్నా కంచం నేలమీద తట్టి చప్పుడు చేస్తాడు.

మొన్న పీర్ల పండుగకు పోయినప్పుడు అక్క నా ముందే ఆ పాదం పట్టుకుని చూసింది. నేను ఎట్లా ఉందని అడిగాను.

"ఎచ్చగనే ఉంది తమ్ముడా" అంది. పాదం మీద దుప్పటి కప్పి, ఇవతలికొచ్చాక గొంతు తగ్గించి అంది. "కాలు దక్కింది. గంతే దక్కింది."