మామ దుర్బీనులో వెండి మేకు

నేను జీవితంలో ఒకే ఒక్కసారి అద్భుతంగా తుపాకి కాల్చాను. ఆ ఒక్క పూటతో నా పరువు, మా మేనమామ పరువు, ఆయన దుర్బీను పరువు కలిసి అటకెక్కాయి. బాగా కాలిస్తే పరువెందుకు పోతుందని మీరు అడుగుతారు. అడగండి. మా ఊళ్ళో ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులు. నేను కరీంనగర్‌లో ఒక కచేరీలో గుమాస్తాను. ఏ పనినైనా పరీక్షించి, ఫలితం డైరీలో రాసుకుని, ఆ తరువాతే నమ్మే రకం. చారులో ఉప్పు ఎక్కువైతే అదీ రాసేవాణ్ణి. "వీడు బువ్వ తింటడా, పంచనామా రాస్తడా?" అని మా అవ్వ గొణిగేది.

ఊరి బయట గుట్ట కింద చాందమారీ ఉండేది. అంటే తుపాకి గురి నేర్చుకునే మైదానం. ఆదివారం ఆదివారం అక్కడ బోర్లా పడుకుని, మూడు వందల గజాల దూరంలో నిలబెట్టిన అట్టల మీద కాల్చేవాళ్ళం. ఆ ఏడాది కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు కలిపి పోటీ పెట్టారు. గెలిచిన ఒక్కడు హైదరాబాద్‌లో జరిగే పెద్ద పోటీకి వెళ్తాడు.

సుల్తానాబాద్‌లో వ్యవసాయం చేసుకునే మా మేనమామ, ఈ మాట చెవిన పడగానే తన తుపాకి, దానిమీద బిగించే దుర్బీను మోసుకుని బస్సు దిగాడు.

"అల్లుడా, నా జమాన్ల నేను హైదరాబాద్ పోవాల్సినోన్ని. గా యాడాది మీ అత్తకు పానం బాగలేక పోలే. ఇప్పుడు పోదామంటే రెండు కండ్లకు మోతిబిందు పొరలు. నువ్వు గెలువు. గా హైదరాబాద్ మైదానంల కూసోని చప్పుడన్న ఇంట."

"మామా, నువ్వు ఫికర్ చెయ్యకు. గెలిచినట్టే అనుకో."

ఇక్కడ ఒక చిక్కుంది. దుర్బీను లోపల నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి సన్నని తీగలుంటాయి. అవి కలిసే చోటును గురి మీద నిలిపి కాల్చాలి. రెటికిల్ అంటారు. మామ దుర్బీనులో ఆ తీగలు ఎప్పుడో తెగిపోయాయి. దాన్ని బాగుచేయించడానికి విలాయతు పంపాలని ఎవరో అన్నారు. కరీంనగర్‌లో పుట్టినవాడు తీగ కోసం విలాయతు వెళ్తాడా? వెండిని దారంలా లాగి అత్తరుదానులు, పాన్‌దానులు అల్లేవాళ్ళు మా వీధి వెనకే ఉన్నారు. వాళ్ళలో ఒకడైన రాజేశం దగ్గరికి వెళ్ళాం.

రాజేశం దుర్బీనును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తీగె ఏస్త పటేలా. నడుమ చిన్న పువ్వు పెట్టన్నా?"

"పువ్వెందుకయ్యా? మా అల్లుడు కాల్చేది అట్టనా, పెండ్లిపిల్లనా?" అన్నాడు మామ.

"ఉత్త తీగె ఏమందముంటది? పోనీ, అంచుకు ఓ మామిడి పిందె."

"పిందె లేదు, ఆకు లేదు. ఎంటిక లెక్క సన్నగ, రెండు గీతలు. గంతే!"

నేను గుమాస్తా బుర్రతో అడ్డం వచ్చాను. "మామా, సన్నది సరిగ్గ కనబడకపోతే ఎట్ల? ఇంకొక తీరు గుడ చేయిద్దాం. కింది నుంచి లావు మేకు లెక్క లేచి, కొస మాత్రం సూది లెక్క ఉండాలె. రెండిటినీ పరీక్ష చేసి మంచిది పెట్టుకుంట."

"సన్నదే మంచిది అల్లుడా. నేను ముప్పయ్యేండ్లు దానితోనే కొట్టిన."

"పరీక్ష చేయకుండ ఎట్ల చెప్తం మామా?"

పాపం, ముప్పయ్యేళ్ళ అనుభవం మూడు రోజుల పరీక్ష ముందు తల వంచింది. రాజేశం రెండు రకాలూ రెండు ఇత్తడి చుట్ల మీద అల్లి ఇచ్చాడు. పువ్వు పెట్టనివ్వలేదని అలిగి, మేకును మాత్రం పశువుల కొట్టంలో పాతేదంత లావుగా చేశాడు.

ఇక పరీక్ష. పగలంతా కచేరీ. కాబట్టి పొద్దుగూకే వేళ డాబా ఎక్కి, ఉత్త దుర్బీనును కంటికి పెట్టుకుని, దూరంగా ఒంటరిగా నిలబడిన తాటిచెట్టుకు కట్టిన కల్లు లొట్టిని చూసేవాణ్ణి. మసక వెలుతురులో సన్న తీగలు మాయమయ్యేవి. వెండి మేకు మాత్రం కోటబురుజులా నిలబడేది. డైరీలో రాసుకున్నాను: "లొట్టి స్పష్టం. మేకు స్పష్టం. సన్న తీగ పనికిరాదు."

మూడోనాడు చెట్టు మీది నుంచి కేక వినపడింది. లొట్టి దించుతున్న మల్లాగౌడు.

"ఓ సారూ! రోజూ నా లొట్టినెందుకు సూస్తున్నవు? నీళ్ళు కలుపుతున్ననని ఎవడన్న చాడీ చెప్పిండా?"

"లేదు మల్లన్నా! పోటీకి గురి చూసుకుంటున్న."

"నా లొట్టితో పోటీనా? కావాల్నంటే దిగొచ్చి తాగిపో. గట్ల గొట్టం పెట్టి సూస్తే కల్లు పులుస్తది!"

మర్నాటి నుంచి అతను లొట్టికి గోనెపట్టా కప్పాడు. నా పరీక్ష ముగిసింది. వెండి మేకు గెలిచింది.

పోటీ రోజు వచ్చింది. పొద్దు నెత్తికెక్కుతోంది. మైదానంలో కావలసినంత వెలుతురు. అట్టలు వరుసగా ఆరు నిలబడి ఉన్నాయి. ఒక్కో అట్ట కింద దాని నంబరు పలక. నాది నాలుగు. నా పక్కన ఐదో నంబరు లక్సెట్టిపేట టేకు వ్యాపారి కొడుకు గంగారాం. మంచివాడు, మాటకారి, గురి మాత్రం అంతంత.

"అన్నా, నువ్వు గెలుస్తవు, నాకెరికే. నేను ఉత్తగ బాపు తిడతడని వచ్చిన" అన్నాడు.

నా వెనక మడతకుర్చీలో కూర్చున్న మామ గొంతు తగ్గించి అన్నాడు: "అల్లుడా, కింద నంబరు సూస్కొని కొట్టు."

"చూసిన మామా" అన్నాను. నిజంగానే చూశాను, మామూలు కంటితో. ఆ తరువాత దుర్బీనుకు కన్ను ఆనించాను. మేకు కొస నల్లచుక్క మీద ముద్దుగా కూర్చుంది. మేకు నడుము ఆ కిందనున్న సమస్తాన్నీ కప్పేసింది. నేల లేదు, గడ్డి లేదు, నంబరు పలక అసలే లేదు. డాబా మీద పరీక్షించినప్పుడు తాటిచెట్టు ఒక్కటే కదా, దానికి నంబరుతో పనేముంది? ఆ ధైర్యంతోనే కాల్చాను. అన్నీ ఉన్నా అల్లుడి దుర్బీనులో శని అంటే అదే.

కానీ ఎంత బాగా కాల్చాననుకున్నారు! ఊపిరి బిగబట్టి, బరాత్‌లో బ్యాండువాడు తాళం తప్పనట్టు, ఒకటి తరువాత ఒకటి పది గుండ్లు. ప్రతి చప్పుడుకూ మామ "శెభాష్" అంటున్నాడు. ఆయనకు అట్ట కనపడదు. నాకు నంబరు కనపడదు. గుడ్డికన్ను తెరిచినా మూసినా ఒకటేనంటారు, మా ఇద్దరి మధ్య నాలుగు కళ్ళున్నాయి మరి!

అట్టలు తెచ్చారు. న్యాయనిర్ణేత, పటాలం నుంచి వచ్చిన సుబేదారు, నా అట్టను ఎత్తి పట్టుకున్నాడు. పెళ్ళికొడుకు ధోవతిలా తెల్లగా, మచ్చ లేకుండా ఉంది.

"ఏం తమ్మీ, గోలీలన్నీ ఆస్మాన్ల కొట్టినవా?"

"సాబ్, వెనకవైపు చూడండి" అన్నాను.

"ముందట్నుంచి పోకుండ వెనక ఎట్ల పడ్తయి బేటా?"

అంతలో ఐదో అట్ట వచ్చింది. దాని మొహం మీద ఇరవై రంధ్రాలు. పది చెల్లాచెదరుగా, జొన్నచేను మీద పిట్టలు వాలినట్టు. మరో పది నట్టనడుమ, వెండి రూపాయితో కప్పేయవచ్చు.

సుబేదారు నా వంక చూశాడు. గంగారాం నా వంక చూశాడు. నేను దుర్బీను వంక చూశాను.

కాయిదా, అంటే పోటీ నిబంధన, ఏమిటంటే, ఒకే అట్టమీద ఎక్కువ రంధ్రాలుంటే వాటిలో మంచివి పది ఆ అట్ట ఎవరిదో వాడికి లెక్కపెట్టాలి. పక్కవాడి అట్టమీద కొట్టినవాడికి సున్న. సొమ్మొకడిది సోకొకడిది అన్నారు. ఇక్కడ గుండొకడిది, గెలుపొకడిది.

గంగారాం మొహం చిన్నదైంది. "సాబ్, గివి నావి కావు" అన్నాడు. కాయిదా కాయిదానే అన్నాడు సుబేదారు. ఆ కాయిదా మీద నేనేమంటాను? నేనూ గుమాస్తానే.

మామ ఆ అట్ట తెమ్మని అడిగాడు. వేళ్ళతో నడిమి రంధ్రాలను తడిమాడు. ఆయన హైదరాబాద్ ప్రయాణం రెండోసారి కూడా తప్పిపోయింది, ఈసారి నా మేకు వల్ల.

"గురి మనదే అల్లుడా. మంచిగ కొట్టినవు. ఎవనిదాన్ని కొట్టినవన్నది తర్వాతి ముచ్చట."

అప్పుడు గంగారాం వచ్చి కుర్చీ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "కాకా, గా గుండ్లు మీ ఇంటియి. నేనొక్కణ్ణి ఎట్ల పోతా? హైదరాబాద్‌కు నువ్వు నాతోని రా. మైదానంల ముందట కుర్సీ ఏయిస్త."

మామ వెళ్ళాడు! కొత్త ధోవతి కట్టుకుని, గంగారాం చెయ్యి పట్టుకుని, నన్ను కచేరీలో వదిలేసి వెళ్ళాడు. వారం తరువాత తిరిగి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మామా, ఎట్లున్నది మైదానం?"

"ఏం చెప్పాలె బిడ్డా! చప్పుడు ఇంటే పానం లేచొచ్చింది."

"గంగారాం ఎట్ల కొట్టిండు?"

మామ కండువాతో మొహం తుడుచుకుని నిట్టూర్చాడు.

"అందరికన్న ఆఖరున నిలిచిండు. ఏం చేస్తడు పాపం, నువ్వు పక్కకు లేకపోతివి. గాయిన కొట్టినయే గాయినకు దక్కినయి."

అందుచేత, అగ్నిసాక్షిగా కాకపోయినా మల్లాగౌడు లొట్టి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట సన్న తీగలే వాడతాను, నంబరు చదవకుండా దేనినీ కాల్చను, నా పక్కన పడుకున్నవాణ్ణి మరెన్నడూ గెలిపించను. వెండి మేకు మాత్రం పారేయలేదు. మా ఆవిడ దానితో దీపం వత్తి ఎగదోస్తుంది. మసక వెలుతురులో అది నిజంగానే బాగా కనపడుతుంది.