ఉగ్గుగిన్నెకు వేపాకు పసరు

దసరా వెళ్ళిన రెండో ఆదివారం, పొద్దున తొమ్మిదీ నలభైకి, నా ఆడబిడ్డ నా మనవరాలి ఉగ్గుగిన్నెకు వేపాకు పసరు రాసింది. సమయం ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, బిడ్డకు చెవులు కుట్టే ముహూర్తం అదే. ఇంటిల్లిపాదీ నడవలో బిడ్డ చుట్టూ మూగి ఉన్నారు. ఆ సమయానికి వంటింట్లో ఉన్నది ఆమె ఒక్కతే.

బిడ్డకు ఏడో నెల. తల్లి, అంటే నా కోడలు, ఫుట్‌బాల్ ఆడుతుంది. సరదాకు కాదు, జీతానికి ఆడుతుంది. బెంగళూరులో ఒక క్లబ్బు ఏడాదికోసారి కాగితం రాయించుకుని ఆమెను పెట్టుకుంటుంది. కాన్పు కోసం ఒక ఏడాది ఆట వదిలేసింది. ఆ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకల్లా క్లబ్బు క్యాంపులో కనబడాలి. కనబడకపోతే ఆమె చోటు ఇంకో పిల్లకు ఇస్తారు. ఆమెకు ఇరవై ఏడేండ్లు. ఆ ఆటలో ఒకసారి చోటు పోగొట్టుకున్న బిడ్డతల్లిని మళ్ళీ పిలిచేవాళ్ళు లేరు. ఇంత చిన్న సంగతి మా ఇంట్లో ఎవరి బుర్రకూ ఎక్కలేదు. ఎక్కినా ఎక్కనట్టు నటించారు. ఏడాదిలో అన్ని ఆదివారాలు ఉండగా, చెవులు కుట్టడానికి మా వాళ్ళకు పంచాంగంలో దొరికింది అదొక్కటే.

నాకు ఆ ఆట అంటే గౌరవం లేదని ముందే చెబుతున్నాను. ఇరవై ఇద్దరు ఎదిగిన మనుషులు ఒక బంతి వెంట గంటన్నర పరిగెత్తి, సున్నాకు సున్నా అని చేతులు కలుపుకుని ఇంటికి పోవడం నాకు పనిలా కనబడదు. ఆవును పిండితే చెంబులో పాలైనా కనబడతాయి. కానీ మా వాళ్ళు ఆ ఆట గురించి మాట్లాడే తీరు చూసి చూసి, ఆట మీద ఉన్న చులకనంతా వాళ్ళ మీదికి మళ్ళింది.

కోడలిది చింతామణి వైపు, బట్లహళ్ళి దగ్గర ఒక పల్లె. ఐదో తరగతిలో బడి మైదానంలో అన్నతోనూ, వాడి స్నేహితులతోనూ కలిసి ఆడిందట. పదకొండో ఏట క్రీడా హాస్టల్‌లో వేశారు. జిల్లాకు ఆడింది, రాష్ట్రానికి ఆడింది, తర్వాత క్లబ్బు. ఎడమ వైపు వెనక నిలబడి, దూసుకొచ్చే వాళ్ళను ఆపడం ఆమె పని. గోలు కొట్టే పని కాదు కాబట్టి పేపర్లో ఫోటో పడదు. ముందు పన్ను ఒకటి పోతే కట్టించుకుంది. చీలమండ రెండుసార్లు వాచింది. ఇవన్నీ నేను అడిగి తెలుసుకున్నవి. మా ఇంట్లో ఇంకెవరూ అడగలేదు.

పెండ్లయిన కొత్తలో ఆమె జట్టు ఏదో కప్పు గెలిస్తే బాగేపల్లిలో సన్మానం చేశారు. శాలువా కప్పిన పెద్దమనిషి మైకులో ఆమెను కబడ్డీ క్రీడాకారిణి అన్నాడు. చప్పట్లు కొట్టారు. తాలూకా ఆఫీసులో గుమాస్తా అయిన నా కొడుకు పక్కన నిలబడి నవ్వుతూ ఫోటో తీయించుకుని, దాని కింద "నా భార్యే నా బలం" అని రాసి ఊరంతటికీ ఫోన్లో పంపించాడు. ఆ బలం కాన్పయి ఇంట్లో కూర్చునేసరికి, చపాతీలు మెత్తగా ఉండటం లేదని వాడికి తెలిసొచ్చింది.

నేను మాత్రం ఏం వెలగబెట్టానని! కాన్పయ్యాక నలభై రోజులు ఆమె చెవుల్లో దూది పెట్టి, నడుముకు గుడ్డ బిగించి, నీళ్ళు గ్లాసుతో కొలిచి ఇచ్చింది నేనే. కాళ్ళతో బతికే మనిషిని మంచం దిగనివ్వలేదు. నాలుగో నెలలో ఆమె పశువుల కొట్టం వెనక పరుగు మొదలుపెట్టినప్పుడు కూడా నోరు పారేసుకున్నాను.

"ఏమ్మే, ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారే?"

"యాడుండారత్తా చూసేవాళ్ళు? ఆవులే కదా" అంది.

నవ్వొచ్చింది. మర్నాటి నుంచి ఆమె పరిగెడుతుంటే నేను బిడ్డను పట్టుకునేదాన్ని. ఆమె ఒక చిన్న మిషనుతో పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టి పోయేది. బిడ్డ లేచి ఏడిస్తే ఆ పాలను వేడినీళ్ళలో పెట్టి చలువ తీసి, ముక్కు ఉన్న వెండి ఉగ్గుగిన్నెలో పోసి తాగించేదాన్ని. తల్లి నుంచి విడదీసిన దూడకు వేలు చీకించి బకెట్టులో తాగడం నేర్పినదాన్ని, నాకు ఇదొక పనా? బిడ్డ రెండు రోజులు ఉమ్మింది. మూడో రోజు నుంచి గుటగుటా తాగింది.

బిడ్డ ఇలా గిన్నెతో తాగుతుందని, నా కొడుకుతో సహా, మా వాళ్ళెవరికీ తెలియదు. శనివారం సాయంత్రం అందరూ దిగారు. కాఫీలు తాగి, కోడలు క్యాంపుకు పోవాలా వద్దా అని నడవలో పంచాయితీ పెట్టారు. మైదానంలో పది మందిని అరిచి తలా ఒక చోట నిలబెట్టే మనిషి, మా ఇంటి ఆచారం ప్రకారం వంటింటి గడప అవతల నిలబడి విన్నది.

మొదట నోరు విప్పింది నా ఆడబిడ్డ. "పసిబిడ్డ తల్లి రొమ్ము తప్ప ఇంగోటి ముడతాదా? మా తమ్ముడు బతికుండింటే, బిడ్డను ఇడిసిపెట్టి పోనిచ్చేవాడా?"

ఆమె తమ్ముడు అంటే నా మొగుడు. పోయి ఆరేండ్లయింది. "నా బిడ్డలు పుట్టినప్పుడు నీ తమ్ముడు యాడుండె వదినా? చింతామణి సంతలో ఎద్దులు చూస్తాండె" అన్నాను.

మా మరిది అందుకున్నాడు. వాడికి ఏ మాటకైనా జనం నవ్వాలి. "వదినా, ఆ మిషను పాలకు ఫ్యాటు ఎంత వస్తాండాది? మన డైరీలో పోస్తే తీసుకుంటారా?"

నవ్వారు. నా కొడుకు కూడా నవ్వాడు. నేను మా ఊరి మహిళా పాల సంఘానికి కార్యదర్శిని. పాల లెక్కల చీటీలు చదవడానికే యాభై రెండో ఏట అక్షరాలు దిద్దాను, ముందు ఆఫీసు భాష కన్నడం, తర్వాత ఇంటి భాష తెలుగు. "ఏమప్పా, నీ ఎనుము పోసే దాంట్లో పాలెన్నో, నీళ్ళెన్నో ముందు తేలనీ. నా కోడలి పాల సంగతి తర్వాత చూస్తాం" అన్నాను. వాడు గోడ మీది బల్లిని చూడటం మొదలుపెట్టాడు.

చివరికి నా కొడుకు ఫోను మీద నుంచి తల ఎత్తకుండా తీర్పు చెప్పాడు. "రేపు చెవులు కుట్టినాక చూద్దాంలేమ్మా. బిడ్డ గిన్నెతో తాగితే పోనీ. తాగకుంటే నేనే కోచ్ మేడంకు ఫోన్ చేసి రాదని చెప్తా."

తాలూకా ఆఫీసులో కూడా ఇలాగే ఫైలు ఇంకొకరి బల్ల మీదికి తోస్తాడని విన్నాను. ఇక్కడ ఏడు నెలల బిడ్డ నోట్లోకి తోశాడు. గడప అవతల నుంచి కోడలు "సరే" అంది. బిడ్డ తాగుతుందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయితే ఆ సాయంత్రమే, దీపం పెట్టే వేళ, నేను కొట్టం దగ్గర బిడ్డకు గిన్నెతో తాగిస్తుంటే ఆడబిడ్డ వచ్చి చూసింది. చూసి ఏమీ అనలేదు. చూసి ఏమీ అనకపోవడం ఆమె స్వభావం కాదు. నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

ఆదివారం పొద్దున కోడలి అన్న చింతామణి నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు. మేనమామ కదా, బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకున్నాడు. కంసాలి ఆచారి తీగ గుచ్చాడు. బిడ్డ కెవ్వుమంది. చెవులకు రాయడానికి నూరిన వేపాకు పసుపు ముద్ద తెమ్మంటే, వంటింట్లో నుంచి ఆడబిడ్డ తెచ్చింది.

"అట్లనే ఇప్పుడే పాలు తాపించు. ఏడుస్తాండాది కదా, ఆకలే" అంది ఆమె.

చెవులు మండుతున్న బిడ్డకు పరీక్ష పెట్టే వేళ అదా? అయినా గిన్నె తీసుకుని పాలు పోశాను. ముక్కు నోటికి తగలగానే బిడ్డ మొహం చిట్లించింది. మళ్ళీ పెట్టాను. ఉమ్మి, గుక్క పట్టి ఏడ్చింది. మూడోసారి చేత్తో గిన్నెను తోసేసింది. పాలు నా చీర మీద పడ్డాయి.

"చూస్తిరా? నేను చెప్తే ఇంటిరా?" అంది ఆడబిడ్డ. ఆ గొంతులో ఉన్న సంతోషం నాకు ఇప్పటికీ వినబడుతుంది. బిడ్డ ఆకలితో ఏడుస్తుంటే, తమ మాట నెగ్గిందని కళ్ళు మెరిసిన మనుషులను ఆ రోజు దగ్గర నుంచి చూశాను. మా మరిది "పిల్లకు ఉండే బుద్ధి పెద్దోళ్ళకు ల్యా" అన్నాడు. నా కొడుకు "చాల్లేమ్మా ఇంక" అని ఫోన్లో నంబరు వెతకసాగాడు.

గడపలో కోడలు నిలబడి ఉంది. బిడ్డ ఏడుపుకు ఆమె రవిక ముందు భాగమంతా పాలతో తడిసిపోయింది. చేతులు చాచింది. ముఖంలో ఏమీ లేదు. ఓడిపోయాక వరసలో నిలబడి అవతలి వాళ్ళతో చేతులు కలిపేటప్పుడు వాళ్ళ ముఖాలు అట్లా ఉంటాయి, తర్వాత ఫోన్లో చూశాను. నేనూ బిడ్డను ఇచ్చేయడానికి లేచాను.

అప్పుడు నా మనసు ఒప్పుకోలేదు. కడుపు నిండిన దూడ మూతి తిప్పుకునే తీరు వేరు, రుచి పడని దూడ తోసే తీరు వేరు. డైరీకి ఎవరైనా తేడా పాలు తెస్తే మొదట నాలుక మీద వేసుకునేది నేనే. గిన్నె ముక్కు నా నోట్లో పెట్టుకున్నాను. చేదు. గొంతు దాకా చేదు.

"వదినా, ఇట్లా రా. ఇది ఒకసారి నోట్లో పెట్టుకో" అన్నాను.

"నాకెందుకే?"

"పెట్టుకో. నీ మనవరాలు తాగే పాలే కదా."

"చెవులకు రాసే పసరు తగిలిండొచ్చు. దానికి ఇంత రాద్ధాంతమా?"

"చెవులకు నూరింది పసుపు కలిపిన ముద్ద. పసుప్పచ్చగా, చిక్కగా ఉండాది. దీంట్లో పసుపు యాడుండాది? ఉత్త ఆకు పసరు పిండి రాసినావు. నీ గోళ్ళు చూపీ."

చేయి కొంగులో పెట్టుకుంది. ఆ తర్వాత ఆమె అన్న మాట: "ఇంటి మంచికే చేస్తిని." నా మొగుడు ఎద్దుల సంతలో ఉన్నది కూడా ఇంటి మంచికేనని ఆ రోజుల్లో ఈమే నాకు చెప్పింది.

ఆచారి తన సామాను సర్దుకోసాగాడు. నా కొడుకు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కోడలు గడప దాటి నడవలోకి వచ్చి వాడి చేతిలోని ఫోను తీసుకుని, కట్ చేసి, బల్ల మీద ఉంచింది.

"ఎవురికీ ఫోన్ చేసే పని ల్యా" అంది. నా వైపు తిరిగి, "అత్తా, ఆ గిన్నె కడుగు. పది నిమిషాలు" అని గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

ఫ్రిజ్‌లో పెట్టిన పాలన్నీ ఆ చేదు గిన్నెలోనే పోశాను కదా, మళ్ళీ పిండాలి. గది లోపల మిషను చప్పుడు నడవలోకి వినబడింది. నిన్న దాని మీద జోకు వేసిన మరిది నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. నేను గిన్నెను చింతపండుతో తోమి, మరిగే నీళ్ళు పోసి, మళ్ళీ నాలుకకు తగిలించి చూసుకున్నాను. మేనమామ బిడ్డను భుజాన వేసుకుని వాకిట్లో తిప్పాడు.

వెచ్చటి పాలు వచ్చాయి. మొదట ముక్కు తగలగానే బిడ్డ పెదాలు బిగించింది, పాపం, చేదు మరిచిపోలేదు. వేలును పాలలో ముంచి చీకించాను. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి నోరు తెరిచింది. ముప్పావు గిన్నె తాగి, నా ఒళ్ళోనే నిద్రపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

కోడలు ఇంకో రవిక తొడుక్కుని, మిగిలిన పాలు ఫ్రిజ్‌లో పెట్టి, సంచీ తీసుకుని, పదకొండుంబావుకు అన్న బండెక్కి బాగేపల్లిలో బెంగళూరు బస్సుకు పోయింది. మూడున్నరకు క్యాంపు నుంచి ఫోన్ చేసి బిడ్డ లేచిందా అని అడిగింది. ఆ తర్వాత మొదటి మ్యాచిలో ఆడించకుండా బయట కూర్చోబెట్టారట. రెండో దాంట్లో చివరి పావుగంట ఆడింది. ఫోన్లో చూశాను. గీత దగ్గర ఒక పిల్లను ఆపింది, ఆ పిల్ల కింద పడింది, ఈమే చేయిచ్చి లేపింది. పడేసినదాన్ని లేపడమెందుకో నాకు అర్థం కాలేదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు: నా ఆడబిడ్డ, గోళ్ళు కొంగులో దాచుకుని. నా మరిది, నవ్వడానికి ఏమీ దొరక్క. నా కొడుకు, బల్ల మీది ఫోను మళ్ళీ తీసుకోవాలా వద్దా అని చూస్తూ. చెవులు కుట్టిన ఆచారి, తాంబూలం కూడా తీసుకోకుండా తొందరగా పోయాడు. కోడలి అన్న, బిడ్డను భుజాన మోస్తూ. బిడ్డ. నేను. నా కోడలు, పదకొండుంబావు దాకా.