నూట పద్నాలుగో నంబరు తాలింపు

రామమోహనరావు గారికి భూమ్మీద నంబరు వేయని గింజ కనబడితే ఒళ్లు మండుతుంది. కెనడాలోని స్కార్‌బరోలో ఎవరింటి ముందు ఈ నేలలో పుట్టిన మొక్క ఎండినా సరే, తలుపు తట్టి, అనుమతి అడిగి, ఇచ్చిన పాపానికి అరగంట ఉపన్యాసం దంచి, గుప్పెడు గింజలు కవర్లో వేసుకుని గానీ కదలరు. తర్వాత రిజిస్టర్‌లో నంబరు, మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ ఎక్కిస్తారు. ఆయన కోటు కనబడితే చాలు, వీధిలో కర్టెన్లు మూసుకునేవి.

బేస్‌మెంట్‌లో అద్దెకు దిగిన స్టూడెంట్ నిఖిలకూ ఆ వైభోగం తప్పలేదు.

"పేరు నిఖిల. దొరికిన చోటు నల్గొండ. తేదీ సెప్టెంబరు నాలుగు," అని భార్య దమయంతి గారికి పరిచయం చేశారాయన.

"నేనేమన్నా గింజనా అంకుల్?"

"మొలకెత్తాక చెప్తా."

అదీ సరే అనుకుందాం. కింద ఫ్రిజ్ నిండా ఆయన గింజలే! మూడు నెలలు చలిలో ఉంచితే గానీ వాటికి నిద్ర వదలదట. పెరుగు డబ్బాకి చోటేదని అడిగితే, "పైన మా ఫ్రిజ్‌లో పెట్టుకో. ఆకలైనప్పుడు వచ్చి తిను," అంటారు. తన పెరుగు దగ్గరికి తనే చుట్టపుచూపుగా వెళ్లాలా అని నిఖిలకి అరికాలి మంట నెత్తికెక్కేది. అయినా నోరు మెదిపేది కాదు. ఆ ఏడాది స్టూడెంట్లు విమానాలకు విమానాలు దిగుతున్నారు. ఎదురింటి మహానుభావుడు బేస్‌మెంట్‌లో పదకొండు మందిని కుక్కి, వంతులవారీగా పడుకోబెడుతున్నాడు. ఈ గది పోతే జనవరి చలిలో ఎక్కడికి పోవాలి?

ఓ ఆదివారం మధ్యాహ్నం షిఫ్ట్ నుంచి వచ్చి పప్పు వండుకుంది. ఆవాలు లేవు. ఆయన గింజలన్నీ కవర్లలో ఉంటాయి కదా, ఫ్రిజ్ తలుపులో సీసాలో నల్లటి గింజలు కనబడితే ఆవాలే అనుకుని నూనెలో వేసింది. ఒక్కటీ చిటపటమనలేదు. చాల్లేదేమోనని సీసా మొత్తం ఒంపేసింది. అప్పుడు కనబడింది, సీసా అడుగున '114'. ఆయన రెండేళ్లు తిరిగి సంపాదించిన అడవి ఉల్లి గింజలు!

గిన్నె పట్టుకుని పైకెళ్లింది.

"అంకుల్, మీ నూట పద్నాలుగుని తాలింపులో ఏసేసిన. ప్లీజ్, నన్ను ఖాళీ చెయ్యమనకండి."

"మొత్తమా?" ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"మొత్తం." భయం ముదిరి కోపమైంది. "అయినా ఫ్రిజ్‌ల ఎందుకు పెట్టిన్రు? బయట మైనస్ పద్దెనిమిది! ఈ దేశమే పెద్ద ఫ్రిజ్ కదా!"

దమయంతి గారు పకపకా నవ్వారు.

"గరాజ్‌లో పెట్టమని నేనూ మొత్తుకున్నానమ్మా. నిరుడు కింద ఉన్న కిరీటి నెలల తరబడి బ్రెడ్డూ పాలతో గడిపి, బస్సులో కళ్లు తిరిగి పడ్డాడు. మాకు తెలియనే లేదు. భోజనానికి పిలిస్తే మీరంతా మొహమాటపడతారాయె. అందుకే ఈయన కింద ఫ్రిజ్ నింపేశారు. డబ్బాలు పైకొస్తే, వాటి వెనకే మీరూ వస్తారని."

"అబ్బే, గింజలకి నిలకడైన చలి..." అని గొణిగారాయన.

నిఖిలకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మరి నా రూమ్?"

"ఎక్కడికి పోతుంది? ముందు అన్నం తిను," అని కసిరి, రామమోహనరావు గారు ఆ పప్పు తన కంచంలోనూ వేసుకున్నారు. ఒక ముద్ద తిన్నారు. కళ్లు మూసుకున్నారు. మళ్లీ వడ్డించుకున్నారు. మూడోసారి గరిటె ఎత్తగానే దమయంతి గారు గిన్నె లాగేశారు.

"చాలు, పిల్లకి ఉంచండి!"