కొబ్బరికాయల గ్యాలరీ

మా టౌన్లో ఫుట్‌బాల్ స్టేడియం ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. నమ్మించే ఓపిక నాకూ లేదు. మరీ పెద్దదేమీ ఊహించుకోకండి. ఒక మైదానం, పడమటి పక్క సిమెంటు మెట్ల గ్యాలరీ, అంతే. కానీ అది ఊరు సొంతంగా కట్టుకున్నది. కొబ్బరి దింపు తీసినప్పుడల్లా రైతులు స్టేడియానికని కొన్ని కాయలు పక్కన పెట్టేవారు. తోట తోటకీ తిరిగి వాటిని పోగు చేసింది మా నాన్నగారు. గ్యాలరీ కట్టింది మా మేనమామ. మావయ్య పోయి చాలా కాలమైంది. అమ్మ మాత్రం ఎవరింటికి వెళ్లినా "మా అన్నయ్య కట్టిందే" అని దాని సంగతి ఎత్తకుండా రాదు.

రాజోలు జట్టుతో ఆట ఉందంటే బజార్లో కొట్లు కట్టేసేవారు. గోదావరి పొంగితే లంకల వాళ్లు పిల్లాపాపలతో వచ్చి తలదాచుకున్నదీ ఆ మెట్ల మీదే.

తర్వాత ఆటలు పోయాయి. గ్యాలరీ పాతబడింది, ప్రమాదం, కూల్చేస్తామన్నారు అధికారులు. ఈ వయసులో నాన్నగారు తిరగని ఆఫీసు లేదు. నా బండి వెనక కూర్చుని వచ్చి, "దగ్గరుండి కట్టించేనండి, ఇంకో వందేళ్లకైనా చెక్కు చెదరదు" అని బంట్రోతుతో సహా అందరికీ చెప్పేవారు. ఐ.పోలవరంలో నా రొయ్యల చెరువులు వదిలేసి ఆయన్ని తిప్పీ తిప్పీ నాకు విసుగు పుట్టింది. త్వరగా కూల్చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. చివరికి కూల్చేశారు. నాన్నగారు మనుషులతో మాట్లాడటం తగ్గించేశారు. "బంగారంలాంటి కట్టడం, అబద్ధాలాడి పడగొట్టేరురా" అని ఒక్కటే మాట.

ఏటా వానలకి నా చెరువు గట్టు దిగబడిపోతుంది. మేత బండి రాదు. పాత సిమెంటు ముక్కలు ఎవరో అమ్ముతున్నారంటే, గట్టు మీద పరవడానికి, ఎక్కడివని అడక్కుండా ఒక లారీ చెప్పాను. ఆ రోజు ఇంట్లో తోచక నాన్నగారు కూడా నాతో వచ్చారు. లారీ ఎత్తి పోయగానే ఆకుపచ్చ రంగు వేసిన మెట్టంచు ఒకటి దొర్లింది. గట్టు మీద కూర్చున్న నాన్నగారు చటుక్కున లేచారు.

"మనదేరా," అన్నారు. ఎన్నాళ్లకో ఆయన ముఖంలో కళ కనిపించింది. డ్రైవర్ దగ్గరికి వెళ్లి, "పగలగొట్టడానికి చాలా కష్టపడుంటారే?" అని అడిగారు. ఔననిపించుకోవాలని ఆయన ఆశ.

"ఆయ్, లేదండి," అన్నాడు అతను మర్యాదగా. "పొక్లెయిన్ ఆనించేరో లేదో పడిపోయిందండి. లోపల ఇనుం బోల్డంత వస్తాదని మా ఓనరుగారు వేలంలో ఎక్కువ పెట్టి పాడుకున్నారండి. తీరా చూస్తే చువ్వలే లేవండి. పాపం, ములిగిపోయేరు."

నాన్నగారు ఒక ముక్క చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కారు. ఇసుక రాలింది. ఇంకో ముక్క తీశారు. అదీ అంతే. ఆ మెట్ల మీదే కదా ఊరంతా ఎగిరి గంతులేసింది. మావయ్య మీద కోపం రావాలి. రాలేదు. చచ్చిపోయిన మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా సత్తువ ఉండాలి.

"ఇవాళే పైన మట్టి పోయించెయ్యి," అన్నారు నాన్నగారు.

"ట్రాక్టరు రేపు గానీ దొరకదండి," అన్నాను.

"ఇవాళేరా. మీ అమ్మ ఎప్పుడో ఒకప్పుడు చెరువులు చూస్తానంటాది."

పొరుగు చెరువు వాళ్ల ట్రాక్టరు బతిమాలి తెచ్చి, చీకటి పడేలోపు మట్టి పోయించాను. ఇంటికి వెళ్లి భోజనానికి కూర్చున్నాక, గ్యాలరీ ముక్కలు మన గట్టుకే వచ్చాయని అమ్మతో అన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు.

"ఏమండీ, మీరు చూసేరా?" అంది అమ్మ.

"చూసేను," అన్నారు నాన్నగారు. "ఓ పట్టాన పగల్లేదంట. రెండు మిషన్లు పాడైపోయేయంట."

"మా అన్నయ్య పనంటే మాటలా మరి," అంటూ అమ్మ ఆయన కంచంలో ఇంకాస్త అన్నం పెట్టింది. నాన్నగారు వద్దనలేదు. తలెత్తకుండా అంతా తిన్నారు.