గేటు దాకా లాగిన వైరు

ఆస్పత్రిలో ఎలక్ట్రీషియన్ని అందరూ ఎర్త్ బాబాయ్ అనేవాళ్ళు. సర్వర్ గది వెనకాల ఎర్తింగ్ గుంతలో రోజూ పొద్దున్నే రెండు బకెట్ల నీళ్ళు పోసేవాడాయన.

"ఏం కాయలు కాస్తోంది బాబాయ్?" అని నర్సులు ఆటపట్టించేవాళ్ళు.

"పిడుగులమ్మా. కాయకముందే కోసేస్తున్నా."

పోటెత్తిన కరెంటు తడిమట్టిలోకి దిగాలి, లేకపోతే యంత్రాల మీద పడుతుంది. దాన్ని భూమిలోకి మళ్ళించే సర్జ్ డబ్బాలు ఆ గదిలోకొచ్చే ప్రతి కరెంటు తీగకీ పైవాళ్ళని బతిమాలి పెట్టించాడు. పంతొమ్మిదేళ్ళలో ఒక్క యంత్రం కాలలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆయన బావమరిదే. మోకాళ్ళు అరిగిపోయినవాడు. "కెమెరా బొమ్మలు నా గదిలో కనపడేట్టు చెయ్యి బావా, కూచున్నచోటే కాపలా కాస్తా" అని ప్రాణం తీస్తే, ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా ఆవరణ మీదుగా నెట్‌వర్క్ వైరు లాగి సర్వర్ గదిలో గుచ్చాడు. అందులో పోయేది బొమ్మలేగా అనుకుని దానికి మాత్రం డబ్బా పెట్టలేదు.

నెల తిరక్కుండా ఓ మధ్యాహ్నం గేటు పక్క దీపస్తంభం మీద పిడుగు పడింది. బాబాయ్ పరుగెత్తుకొచ్చేసరికి గదంతా మాడు వాసన. డబ్బాల మీద పచ్చదీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆ వైరు గుచ్చినచోట మాత్రం నల్లగా కాలింది. సర్వరూ, పక్కనే కాపీలు దాచిన యంత్రమూ రెండూ పోయాయి. పదకొండేళ్ళ రిపోర్టులు. మర్నాడు ఆపరేషన్ ఉన్న పిల్లకి పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచి.

"పీకి పారెయ్ బావా. పిడుగుని ఎవడు నిలదీస్తాడు?" అన్నాడు బావమరిది చెవిలో. బాబాయ్ వైరు పీకి చుట్ట చుట్టాడు.

సాయంత్రం సూపరింటెండెంట్ వచ్చి డబ్బాల వంక చూశాడు. "ఇవున్నా ఒకటే, లేకున్నా ఒకటే. కొత్త సర్వర్‌కి ఈ దండగ వద్దు."

బాబాయ్ చంకలోని వైరు చుట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"అవి వాటి పని చేశాయి సార్. పిడుగు ఇందులోంచి వచ్చింది. లాగింది నేనే."

"ఎవరి కోసం?"

అబద్ధం ఆడదామనే అనుకున్నాడు. కానీ వైరు రెండో కొస తగిలించిన కెమెరా తెర ఇంకా వాచ్‌మన్ గదిలోనే ఉంది, గుడ్డివాడికైనా తెలుస్తుంది. బావమరిది కోసమని చెప్పేశాడు.

కొత్త సర్వర్‌కి నెట్‌వర్క్ వైర్లతో సహా అన్నిటికీ డబ్బాలు పెట్టారు. అప్పటికి బావాబావమరుదులిద్దరూ ఉద్యోగాలు పోయి ఇంట్లోనే ఉన్నారు.

బాబాయ్ భార్య కంచం ఆయన ముందు పెట్టి అటు తిరిగి నిలబడింది. "నీ డబ్బాల పరువు కోసం మా తమ్ముడి నోటికాడ కూడు తీశావు" అంది.

ఆయన కంచంలో చెయ్యి పెట్టలేదు.