బోర్డు ముందు పది అడుగులు

నాకు గుట్టల పిచ్చి. పాతికేళ్లకు పైగా బొగ్గుబాయిలో భూమి కిందికి దిగినవాడికి, సెలవు రోజున పైకెక్కాలని ఉండడంలో వింతేముంది? మా ఆవిడకు మాత్రం అది ఒట్టి పైత్యం. ఆదివారం పొద్దున్నే సెంటినరీ కాలనీలోని మా క్వార్టర్ నుంచి బండి మీద రామగిరి గుట్టకు పోయేవాణ్ని. పైన కోట గోడ మీద కూర్చుని, తెచ్చుకున్న సద్ది తిని దిగివచ్చేవాణ్ని. వారం మొత్తంలో నేను ఎవరి మాటా వినక్కర్లేని పూట అదొక్కటే.

పోయిన వానాకాలం, దిగుతుంటే నాచు పట్టిన బండ మీద కాలు జారింది. చీలమండ రెండు చోట్ల విరిగింది. దవాఖానలో ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. కట్టు విప్పిన రోజు డాక్టరును ఒక్కటే అడిగాను, మళ్లీ గుట్ట ఎక్కగలనా అని. ఆయన ఎక్స్‌రే వంకే చూస్తూ, "ముందు నడువు, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం" పట్టుకుని వేలాడాను.

ఇంట్లోవాళ్ల ఆలోచన వేరు. మా దగ్గర కార్మికుడు ఇక పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ నౌకరి పిల్లల్లో ఒకరికి వస్తుంది. మా అమ్మాయి డిగ్రీ చదివి నాలుగేళ్లుగా ఇంట్లోనే ఉంది. కాలు విరిగిందని నేను ఏడుస్తుంటే మా బావమరిది మొహం వెలిగిపోయింది.

"బావా, బోర్డు ముంగట మంచిగ నడిచినవనుకో, బిడ్డ నౌకరి మట్టిల కలిసినట్టే. ఇప్పటిసంది కుంటుడు అలవాటు చేసుకో."

వాకిట్లో అడుగు పెడితే చాలు, మా ఆవిడ వెనక నుంచి గొణిగేది. "జర కుంటు! అందరు చూస్తున్నరు."

కర్ర పట్టుకుని, పళ్లు నూరుకుంటూ కుంటేవాణ్ని. మధ్యాహ్నం కాలనీ అంతా కునుకు తీసే వేళ మాత్రం, దొంగలా వెనకనున్న పాత మట్టికుప్ప దగ్గరికి పోయేవాణ్ని. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి అది. తుమ్మలు మొలిచి చిన్న గుట్టంత ఉంటుంది. కర్ర కింద పారేసి ఎక్కేవాణ్ని. మొదటి వారం పది అడుగులకే కూలబడ్డాను. రెండు నెలలకు సగం దాకా పోగలిగాను. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి, కాలిని బూతులు తిట్టేవాణ్ని. అక్కడ చూసేవాళ్లు లేరు, నా నడక ఎట్లా ఉందో చెప్పేవాళ్లూ లేరు. తిన్నగానే నడుస్తున్నాననుకున్నాను. వీధిలో కుంటడం వీళ్ల కోసం చేస్తున్న నటన అనుకున్నాను.

బోర్డు రోజు నలుగురం వెళ్లాం. పిలిచేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాం. పనికిరాడన్న ఆ ఒక్క మాట రాశారంటే ఇక నేను గుట్ట ఎక్కలేనివాణ్నని పదిమందీ ఒప్పుకున్నట్టే. పక్కనే సర్టిఫికెట్ల ఫైలు ఒళ్లో పెట్టుకుని మా అమ్మాయి. నా మొహం చూసి మెల్లగా అంది, "బాపూ, నీకెట్ల మనసైతె అట్లనే నడువు."

లోపల ముగ్గురు డాక్టర్లు. తలుపు తెరిచే ఉంది. కర్ర పక్కన పెట్టి గోడ దాకా నడవమన్నారు. బిడ్డ నోటికాడి కూడు తీస్తున్నానని తెలుసు. సిగ్గేసింది. అయినా తిన్నగా నడిచాను. మడమ ఆనించి, నడుం నిలబెట్టి, మట్టికుప్ప మీద నేర్చుకున్నదంతా పెట్టి నడిచాను. దెబ్బ తగిలాక అంత బాగా ఎప్పుడూ నడవలేదు.

పది అడుగులకే పెద్ద డాక్టరు చెయ్యెత్తాడు. "చాలు చాలు. ఇక కష్టపడకు, కూర్చో." పక్కాయన కాగితం మీద రాసింది నాకు కనిపించింది. అన్‌ఫిట్.

బయటికి రాగానే బావమరిది వాటేసుకున్నాడు. "ఏం కుంటినవ్ బావా! తలుపు కాడికెల్లి చూస్తుంటె నాకే కండ్లల్ల నీళ్లు తిరిగినయ్."

మా ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంటూ నవ్వింది. "ఇన్నొద్దుల సంది మొత్తుకుంటున్న, ఒక్కనాడన్న గిట్ల కుంటినవా?"

"నేను కుంటలే" అన్నాను. "మంచిగనే నడిచిన."

ఇద్దరూ ఇంకా పెద్దగా నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు. లోపల మరిచిపోయిన కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది. గేటు దాకా దాన్ని పట్టుకునే నడిచాను.