గుడికప్పు సకినం

విజయశ్రీ టీచరు బడికి పోతూ పోతూ గడ్డిఅన్నారంలో రాములమ్మ పిండివంటల దుకాణం ముందు స్కూటీ ఆపింది. హెల్మెట్ తీయకుండానే కాగితం పొట్లం ఒకటి బల్ల మీద పెట్టింది.

"పెద్దమ్మా, ఎల్బీనగర్ల ఇంకో దుకాణం తెరిచినవంట! మాకు ఒక్క మాట చెప్పకపోతివి."

"నేనా? ఉన్నదాంట్లనే ఊపిరాడ్తలేదు. ఇంకోటి యాడ తెరుస్త బిడ్డా?"

"మరి గిదేంది?"

పొట్లం విప్పిన రాములమ్మ చేతులు అక్కడే ఆగిపోయాయి. లోపల ఒక సకినం ఉంది. నడుమ మూడు చుట్లు, వాటి చుట్టూ ఎనిమిది రేకులు. ఈ పట్నంలో అలాంటి సకినం చేసేది తానొక్కతే అని ఆమె నమ్మకం.

"నిన్న మా ఆడబిడ్డ తెచ్చింది. నీదే అనుకొని తిన్నం. రుచి గూడ నీదే. సరే పెద్దమ్మా, బెల్లు కొడ్తరు, పోతున్న" అని విజయశ్రీ బండి కదిలించింది.

రాములమ్మ ఆ సకినాన్ని తిరగేసింది. అడుగున ఒక్కో రేకునూ వేలితో తడిమి చూసింది.

ఆ సకినానికి ఒక కథ ఉంది. రాములమ్మది నల్లగొండ జిల్లాలో పల్లె. పెళ్లయ్యాక భర్త తిరుపతితో పట్నం వచ్చింది. ఆయన లారీ నడిపేవాడు, ఇప్పుడు మోకాళ్లు మొరాయించి ఇంటి పట్టున ఉంటున్నాడు. ఆమెకు రెండే సరదాలు. ఒకటి, నెలకోసారి దిల్‌సుఖ్‌నగర్ నుంచి బయలుదేరే యాత్రల బస్సెక్కి ఏదో ఒక దేవుణ్ణి చూసి రావడం. రెండోది, అక్కడ కంటికి నచ్చినదాన్ని క్యాలెండరు కాగితం వెనకాల పెన్సిలుతో గీసుకుని, దాన్ని పిండిలో చూడాలని తాపత్రయపడటం. బస్సులో పక్కసీటామె కట్టుకున్న పోచంపల్లి చీర అంచు చూసి గరిజెల అంచు మార్చింది. పండ్ల మార్కెట్టు ఇక్కడ ఉన్నన్నాళ్లూ బత్తాయిలు పేర్చే తీరు చూసి వచ్చి లడ్డూలు అట్లాగే పేర్చేది. మార్కెట్టు తరలిపోయినా ఆ పేర్పు మాత్రం ఆమె బల్ల మీద ఉండిపోయింది.

నాలుగేళ్ల కింద హనుమకొండలో వేయిస్తంభాల గుడికి పోయినప్పుడు, అందరూ లింగాన్ని చూసి బయటికొస్తే ఆమె మటుకు మెడ వెనక్కి వంచి పైకప్పులో చెక్కిన రాతిపువ్వును చూస్తూ నిలబడిపోయింది. బస్సువాడు హారను కొట్టీ కొట్టీ విసిగిపోయాడు. మెడ పట్టేసి రెండు రోజులు తిప్పలేకపోయింది గాని, మూడోరోజు ఆ పువ్వును బియ్యప్పిండితో చుట్టింది. చుట్టడం తేలికే. నూనెలో వేయగానే రేకులు విరిగి విడిపోయేవి. నెల రోజులు పిండి పాడైంది. చివరికి రేకు కొసను వెనక్కి మడిచి, కింది చుట్టుకు అంటించి వేస్తే నిలిచింది. పైనుంచి చూస్తే ఆ మడత కనిపించదు. పెళ్లి సారెలకు గుడికప్పు సకినాలు కావాలని జనం అడగడం అప్పుడు మొదలైంది.

ఎల్బీనగర్ సకినం అడుగున ఆ మడత ఉంది. ఎనిమిది రేకులకూ ఉంది. చూసి నేర్చుకునే మడత కాదది. ఎవరో చెప్పి చేయించాలి. అది తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకరు తాను. రెండో మనిషి ఆ క్షణాన లోపల పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

హనుమాయమ్మ రాములమ్మ కంటే మూడేళ్లు పెద్ద. గుంటూరు వైపు నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో ఒక గదిలో ఉంటుంది. పదకొండేళ్లుగా ఇద్దరూ ఒకే పీటకు అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చుని పిండి చుట్టుకొచ్చారు. ఒకసారి రాములమ్మ మోచేతి మీద నూనె చిందితే, నెల రోజులు ఆమె జడ అల్లింది హనుమాయమ్మే. మధ్యాహ్నం మజ్జిగలో కరివేపాకు రెబ్బ వేసి, ముందు రాములమ్మకు ఇచ్చి తర్వాత తాను తాగేది.

ఆ రోజు కూడా ఇచ్చింది. రాములమ్మ గ్లాసు అందుకుని ఒక్క గుక్కా తాగలేదు.

"ఏంటే, పులిసిందా?"

"లేదక్కా. తర్వాత తాగుత."

ఒక్కసారి అనుమానం పుట్టాక చూసినవన్నీ దానికి మేతే అయ్యాయి. నెల రోజులుగా హనుమాయమ్మ మంగళవారం, శుక్రవారం గంట ముందే పని మీంచి లేచి పోతోంది. సరూర్‌నగర్‌కు నడిచి పోవలసిన మనిషి దిల్‌సుఖ్‌నగర్‌లో ఎల్బీనగర్ వైపు మెట్రో మెట్లెక్కడం పూలమ్మే ఆమె చూసిందట. ఫోనొస్తే బయటికి పోయి మాట్లాడుతోంది. అన్నిటికన్నా పెద్దది ఆ శుక్రవారం రాములమ్మ కళ్లారా చూసింది. హనుమాయమ్మ అటూ ఇటూ చూసి, గిన్నెలోంచి గుప్పెడు పిండి తీసి, చిన్న స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించి సంచిలో దోపుకుంది.

రాత్రి అన్నం దగ్గర తిరుపతికి చెప్పింది.

"గా కొత్త దుకాణం బోర్డు మీద ఏమున్నదంట?" అన్నాడాయన.

"జంతికలు, పూతరేకులు అని రాసుందంట."

"ఇంకేంది మరి? ఆళ్లూ ఆళ్లూ ఒక్కటే. నువ్వేమో అక్కా అక్కా అని ఎంటబడ్తివి."

"గట్లనకయ్యా. నిరుడు నువ్వు దవాఖానల పడ్డప్పుడు తొమ్మిది రోజులు క్యారేజి తెచ్చిందెవరు?"

"తెచ్చింది. నేను కాదన్ననా? నువ్వే అనుమానమంటివి, నువ్వే కాదంటివి. నన్ను అన్నం తిననియ్యి."

తెల్లవారి రాములమ్మ ఎప్పుడూ చేయని పని చేసింది. లోపలి గది తలుపు గడియ పెట్టుకుని పిండి తానొక్కతే కలిపింది. తడిచేతులతో బయటికొచ్చి, గొంతు తగ్గించి, "అక్కా, ఎవలకూ చెప్పకు. ఇయ్యాల్టి నుంచి గసగసాలు ఏంచి పొడిగొట్టి కలుపుతున్న. అందుకే రేకు కరకరమంటది" అంది. అందులో గసగసాల ఊసే లేదు. ఆ మాట ఎల్బీనగర్ దాకా నడిచిపోతుందా లేదా చూద్దామని వేసిన వల అది.

హనుమాయమ్మ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. "అలాగే" అని పొయ్యి వైపు తిరిగింది.

మంగళవారం కర్మన్‌ఘాట్ ఆంజనేయుడికి తమలపాకుల దండ తీసుకుపోయింది రాములమ్మ. స్వామి ముందు నిలబడి ఏం కోరుకోవాలో తెలియలేదు. దొంగ దొరకాలని అడిగితే దొరికేది అక్క. దొరకొద్దని అడిగితే తన పనితనమంతా పరాయి బల్ల మీదికి పోతుంది. ఏమీ అడగకుండానే తీర్థం పుచ్చుకుంది. వెనకనున్న ముసలాయన తన కొబ్బరిచిప్పలో సగం విరిచి ఆమె చేతిలో పెట్టి, "తిను తల్లీ, పొద్దుటి సంది ఏం తిన్నట్టు లేవు" అన్నాడు. ఆ ముక్క నములుతూ ఆమె అక్కడి నుంచే ఎల్బీనగర్ ఆటో ఎక్కింది.

కొత్త దుకాణం చిన్నదే. రాములమ్మ కొంగు తల మీదికి లాక్కుని, నలుగురి వెనక నిలబడి, "పావు కిలో సకినాలు" అంది. ఒకటి విరిచి నోట్లో వేసుకుంది. నువ్వులు, వాము. గసగసాల జాడ లేదు. మాట ఇక్కడిదాకా రాలేదా, వచ్చినా వీళ్లింకా కలపలేదా అని ఆమె లెక్కకట్టుకుంటూ ఉండగానే, తూకం వేస్తున్న ముప్పై ఏళ్ల అమ్మాయి తక్కెడ వదిలేసి బల్ల దాటి వచ్చి ఆమె కాళ్లకు దండం పెట్టింది.

"పిన్నిగారూ! మీరా? వస్తారని అనుకోనే లేదు!"

రాములమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "నువ్వెవరమ్మా?"

"నేనండీ, బిందుమాధవిని. కార్తీకంలో వేములవాడ బస్సు! సిద్దిపేట దాటాక ఆగిపోలేదూ?"

ఆగిపోయింది. మూడు గంటలు రోడ్డు పక్కన కూర్చున్నారు. పసిపిల్లలు ఏడుస్తుంటే, పొద్దుపోక ఆడవాళ్లు నీరసపడుతుంటే, పక్కనున్న హోటలువాణ్ణి బతిమాలి పూరీపిండి ముద్ద తెచ్చింది రాములమ్మే.

"మీరు నడుమ కూర్చుని పువ్వు చుట్టి చూపించారు. పన్నెండుమందిమి చుట్టూ కూర్చున్నాం. మా వైపు సకినాలే తెలీవు కదండీ, నాకు చేతకాకపోతే మీరే నా వేలు పట్టుకుని రేకు మడిపించారు. ఇట్లా మడిస్తే నూనెల ఇరగది బిడ్డా అన్నారు. నేను కొట్టు పెడితే ఇది చేసుకోవచ్చా పిన్నిగారూ అంటే, చేస్కో తల్లీ, దేవుని గుడికప్పు మీదిది, నాదా ఏమన్న అని నవ్వారు. ఫొటో కూడా ఉందండీ" అని ఫోను తీసింది.

ఫొటోలో రాములమ్మ ఉంది. చేతుల నిండా పిండి, ముఖం నిండా నవ్వు.

రాములమ్మ అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. ఆమె లెక్కలో అది రహస్యం చెప్పడం కాదు. బస్సులో పక్కవాళ్లకు పులిహోర పెట్టడం లాంటిది. ఎన్ని బస్సుల్లో ఎంతమందికి చూపిందో ఆమెకే గుర్తులేదు. బిందుమాధవి ఇచ్చిన టీ చల్లారిపోయేదాకా చేతిలోనే ఉంది.

"హనుమాయమ్మ అని ఎవరన్నా ఒస్తరా నీ దగ్గరికి?"

"ఎవరండీ ఆవిడ?"

దుకాణానికి తిరిగొచ్చేసరికి హనుమాయమ్మ మూకుడు ముందు ఉంది. రాములమ్మ చెప్పులు విప్పి, ఆమె పక్కన నేల మీద కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పింది. గసగసాల సంగతి కూడా దాచలేదు.

"పదకొండేళ్లలో నువ్వు సకినంలో గసగసాలు వెయ్యడం నేను చూళ్లేదు" అంది హనుమాయమ్మ, జల్లిగరిటెతో నూనె వడకడుతూ. "వంట చేసే మనిషికి ఆ మాత్రం తెలీదటే? ఎందుకు చెబుతున్నావో కూడా ఆ రోజే తెలిసింది."

"తెలిసి ఊకున్నవా అక్కా? ఒక్క మాట అడగకపోతివి?"

"నువ్వడిగావా?"

హనుమాయమ్మ సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచి ముందు పెట్టింది. లోపల ఎండి పగిలిన పిండిముద్ద, దాని మీద అయిదు వేళ్ల గుర్తులు.

"రెండు నెలలుగా కుడిచేతి వేళ్లకు స్పర్శ లేదు. అందుకే చుట్టడం నీకొదిలి పొయ్యి పట్టుకున్నాను. ఎల్బీనగర్‌లో ఒక డాక్టరమ్మ వారానికి రెండుసార్లు కసరత్తు చేయిస్తోంది. మెత్తటిది ఏదన్నా పట్టుకుని పిసకమంది. వేళ్లు పోయాయని చెబితే ఇంకో మనిషిని పెట్టుకుంటావని భయమేసి చెప్పలేదు. పిండి అడిగి తీసుకోవలసింది. అది నా తప్పే."

ఆ వాయి పూర్తిగా వేయించి, జల్లిగరిట కడిగి బోర్లించి, పొయ్యి ఆర్పి, సంచి భుజాన వేసుకుని ఆమె వెళ్లిపోయింది. రేపొస్తానని చెప్పలేదు.

మర్నాడు తొమ్మిదైనా రాలేదు. రాములమ్మ సగం చుట్టిన సకినాన్ని బట్ట మీదే వదిలి, షట్టరు దించి సరూర్‌నగర్ నడిచింది. హనుమాయమ్మ గది గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది, ఎడమచేత్తో.

"కొట్టు ఎవరు చూస్తున్నారు?"

"మూసిన."

"ఎల్లుండి పెళ్లివాళ్ల సారె పెట్టుకుని మూసొచ్చావా? బుద్ధుందా?"

"లేదక్కా. ఉంటే నిన్నట్ల అనుకుంటనా? నీ చేతులు చుట్టకపోనీ, ఏంచకపోనీ. నా ఎదురుంగ కూసో. నువ్వు లేకుంటే నాకు పిండి చేతికి వస్తలేదు."

హనుమాయమ్మ చేటలో ఇంకో రెండు రాళ్లు ఏరి పారేసింది. తర్వాత లేచి, చేట లోపల పెట్టి, తాళం వేసింది. రోడ్డు దాటేటప్పుడు రాములమ్మ మోచెయ్యి పట్టుకుంది.

సారె వేళకు అందింది. కాని మనసులు అంత తొందరగా సర్దుకోలేదు. అనుమానం ఇప్పుడు పీటకు అవతలి వైపు కూర్చుంది. "అక్కా, జర నడుం వాల్చు" అంటే హనుమాయమ్మ గరిట ఆగేది. "ఎందుకు? ఎవర్నన్నా కుదుర్చుకున్నావా?" అనేది. రాములమ్మకు ఫోనొస్తే, "ఎవరే?" అని అడిగేది. ఎవర్నీ కుదుర్చుకోలేదని ప్రతిసారీ ఒట్టేయడం మొదట్లో రాములమ్మకు చిన్నతనంగా అనిపించినా, తర్వాత ఫోను మోగగానే స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచడం అలవాటు చేసుకుంది.

ఒకనాటి మధ్యాహ్నం ఆ స్పీకర్లోంచి బిందుమాధవి గొంతు వినబడింది.

"పిన్నిగారూ, పొద్దుట్నుంచి రేకులన్నీ నూనెలో విడిపోతున్నాయండీ. మడత సరిగానే పెడుతున్నా. సాయంత్రానికి రెండు కిలోలు ఇవ్వాలి. ఏం చెయ్యమంటారు?"

రాములమ్మ చేతుల నిండా తడిపిండి. జవాబు ఆమె నోటిదాకా వచ్చి ఆగింది. ఎదురుగా ఉన్న మనిషి వైపు చూసింది. పిండి ఎంత తడి మీద చుట్టాలో, బట్ట మీద ఎంతసేపు ఆరాలో తనకన్నా బాగా తెలిసింది ఆమెకే.

హనుమాయమ్మ మూకుడు కింద మంట తగ్గించింది. చెంగుతో నుదురు తుడుచుకుంది. పెదవుల మీద నవ్వు ఉందో లేదో తెలియనంతగా ఉంది.

"నన్ను చెప్పమంటావా? రేపొద్దున మళ్లీ నా మీదికి రాదు కదా?"

"చెప్పక్కా" అంది రాములమ్మ, ఫోనును మోచేత్తో ఆమె వైపు జరుపుతూ. "నీ నోటితోనే చెప్పు."

హనుమాయమ్మ ఫోను మీదికి వంగి, గొంతు సవరించుకుంది. "ఇదిగో అమ్మాయ్, ముందు ఆ పొయ్యి ఆర్పు. చుట్టి ఎంతసేపు ఆరబెట్టావు?"